మూతపడ్డ బైబిలు, ముహూర్తం కుదరని వంతెన

దేవుడు స్థాపించిన దేశంలో పుట్టడాన్ని మించిన అదృష్టం ఈ భూమ్మీద ఇంకోటి లేదని ఈ వారం ఖండితంగా చెప్పదలచుకున్నాను!

నవ్వకండి. నా దగ్గర సాక్ష్యం ఉంది. మన డొమినికన్ జెండా ఒకసారి విప్పి చూడండి. మధ్యలో డాలు, డాలు మధ్యలో బైబిలు, బైబిలు మీద శిలువ, పైన నీలం రిబ్బను మీద మూడు మాటలు: దేవుడు, దేశం, స్వేచ్ఛ. అందరికంటే ముందు ఎవరున్నారు? దేవుడు! అంటే ఏ పనికైనా మొదటి బాధ్యుడు ఆయనే. బాధ్యుడి పేరు జెండా మీదే రాసిపెట్టుకున్నాక ఇంకెవరి గుమ్మం చుట్టూ తిరగాలి?

మిగతా దేశాల వాళ్ళను తలుచుకుంటే జాలేస్తుంది. కరెంటు పోతే మంత్రిని తిట్టాలి, కుళాయి ఎండిపోతే ఆఫీసుకు పోవాలి, అర్జీలు పెట్టాలి, గొంతు చించుకోవాలి. మన ఊరు పాసో ఒందోలో ఆ అవస్థ ఏదీ? కరెంటు ఎప్పుడొస్తుంది? దేవుడు తలిస్తే వస్తుంది. డాక్టరు సోమవారం వస్తాడా? దేవుడు తలిస్తే వస్తాడు. కొండవాడకు లైన్లు వేస్తామని తెచ్చిన కరెంటు స్తంభాలు ఏటి దారి పక్కన పడున్నాయి. వాటి మీద కూర్చుని డామినోలు ఆడుకుంటూ ముసలివాళ్ళమైపోయాం. అవి ఎప్పుడు నిలబడతాయి? దేవుడు తలిచినప్పుడే!

దీనివల్ల ప్రజలకు ఎంత మనశ్శాంతో, మేయరుకు అంతకు రెండింతలు. మా మేయర్ దోన్ అపోలినార్ గారి మొహంలో చిన్న ముడత కూడా ఉండదు. ఆయనంత భక్తుణ్ణి నేను చూడలేదు. అందరూ పనులు దేవుడి పేరుతో మొదలుపెడతారు. ఆయన దేవుడికే అప్పగించి ఊరుకుంటారు.

అన్నిటికంటే ఎక్కువ భక్తితో ఆయన అప్పగించిన పని వంతెన.

మా ఊరికి అడ్డంగా ఏరు పోతుంది. ఇటుపక్క బడి, గుడి, మునిసిపల్ ఆఫీసు. అటుపక్క అవతలి గట్టు, అక్కడో యాభై ఇళ్ళు. వాళ్ళు ఏట్లోని బండరాళ్ళ మీంచి దూకుతూ ఇటు రావాలి. మే నెలలో కొండల్లో వాన పడిందంటే ఆ రాళ్ళు కనపడవు. అప్పుడు అవతలి గట్టు వాళ్ళు అవతలే.

అలా పోయిన సంవత్సరం అవతల మిగిలిపోయిన పిల్ల దెయానిరా. మన పార్కు మూల మీద పిండి అప్పడాలు వేయించి అమ్మే దోన్యా క్రుసీతా కూతురు. బడిలో ఆఖరి ఏడాది, జూన్‌లో జాతీయ పరీక్ష. పరీక్ష రోజున ఏరు పొంగింది. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుని ఆ పిల్ల అవతలి ఒడ్డున నిలబడింది. ఇవతల బడి గంట కొట్టింది. ఆ గంట ఆమెకు వినపడింది. పిల్ల ఏడవలేదు, అదే మాకు ఎక్కువ బాధేసింది. ఏడాది చదువు ఏటిపాలైంది.

క్రుసీతా మర్నాడు మేయరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎంతో ప్రేమగా కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, దేవుడు తలిస్తే వచ్చే పరీక్ష నాటికి వంతెన ఉంటుందమ్మా అన్నారు. ఇంతకంటే మర్యాద ఏ దేశంలో దొరుకుతుంది? ఆమె మాత్రం కాఫీ ముట్టకుండా లేచొచ్చింది. కొంతమందికి భక్తి తక్కువ.

ఇక ఈ ఏడు ఫిబ్రవరి ఇరవై ఏడు. స్వాతంత్ర్య దినం. పొద్దున చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన, మధ్యాహ్నం వీధుల్లో కొమ్ములూ తోకలూ పెట్టుకున్న దెయ్యాల వేషాలు. దేవుడికీ దెయ్యానికీ ఒకే రోజున న్యాయం చేసే జాతి మనది. ఆ రెంటికీ మధ్య మేయర్ గారు కొత్త కార్యక్రమం పెట్టారు. మునిసిపల్ ఆఫీసు గోడ మీద మన జాతీయ చిహ్నాన్ని రెండు నిలువుల ఎత్తున వేయించి, మీద తెర కట్టించారు. బ్యాండు మోగింది. తెర జారింది.

బైబిలు మూసి ఉంది!

జెండా మీద ఉన్నది తెరిచిన బైబిలు. పలక పట్టిన పిల్లాడికి కూడా తెలుసు. మా గోడ మీద మాత్రం అట్ట బిగించి, పక్కన గొళ్ళెం కూడా వేసి ఉంది. జనం ముక్కున వేలేసుకున్నారు. బొమ్మ వేసిన నెల్సీదో కిరాణా కొట్ల బోర్డులు రాసుకునేవాడు. వాణ్ణి మైకు ముందుకు లాక్కొచ్చారు.

"తెరిస్తే లోపల అక్షరాలు రాయాలి కదండీ. అంత సన్న అక్షరాలకు నా దగ్గర కుంచె లేదు. అయినా మూస్తే మాత్రం బైబిలు కాకుండా పోద్దా?" అన్నాడు వాడు.

ఫాదర్ తొరీబియో, పాస్టర్ ఎలియుద్ ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళుగా వానొస్తుందా రాదా అన్న దాని మీద కూడా ఏకీభవించినవాళ్ళు కారు. ఆ రోజు ఇద్దరూ ఒకేసారి "అపచారం" అన్నారు. వెనకాల దెయ్యాల వేషాల వాళ్ళు మాత్రం చప్పట్లు కొట్టారు.

ఇంకో మేయరైతే సిగ్గుపడేవాడు. మన మేయరు మేధావి. వారం తిరక్కుండానే అసలు రహస్యం కనిపెట్టారు. ఇన్నేళ్ళుగా మన ఊరికి వంతెన ఎందుకు రాలేదు? బైబిలు మూసి ఉంది కాబట్టి! బొమ్మ వేసి వారమే కదా అని ఎవరో సణిగారు. దైవకార్యాల్లో ముందూ వెనకా చూడకూడదని మేయర్ గారు గద్దించారు. బైబిలు తెరిస్తే గానీ వంతెన మాట ఎత్తకూడదని తీర్మానం చేసి, గోడమీది బైబిలు తెరిచే కమిటీ వేశారు.

మన దేశాన్ని నిలబెట్టిన కుర్రాళ్ళు ముగ్గురేసి చొప్పున రహస్యంగా జట్లు కట్టారు కదా, కమిటీ కూడా ముగ్గురేసి చొప్పున జట్లుగా కూర్చుంది. ఎంత మంచి ప్రశ్నలు వచ్చాయో! గోడ మీద అక్షరాలు పార్కు బెంచీ నుంచి కనపడాలా, చర్చి మెట్ల నుంచి కనపడాలా? కాగితం తెల్లగా ఉండాలా, కాస్త పాతబడి ఉండాలా? పేజీ గుర్తుకు రిబ్బను పెడితే అది ఎర్రదా, నీలందా? ఎరుపు ప్రతిపక్షం రంగు అని ఒక జట్టు లేచి వెళ్ళిపోయింది. ఏ వాక్యం రాయాలన్నది మాత్రం గొడవ లేకుండా తేలింది. జెండా మీద ఉన్నదే: సత్యం మిమ్మల్ని స్వతంత్రుల్ని చేస్తుంది. ఆ వాక్యం ఎవరికీ ఇబ్బంది కాదని మేయర్ గారే స్వయంగా భరోసా ఇచ్చారు.

కమిటీ కూర్చున్నప్పుడల్లా క్రుసీతా అప్పడాలు తెచ్చేది. పళ్ళెం బల్ల మీద పెట్టి, వంతెన సంగతేమిటని అడిగేది. ఇంకా రిబ్బను దగ్గరే ఉన్నాం దోన్యా అనేవారు వాళ్ళు, నోటి నిండా అప్పడంతో.

మే నెలాఖరుకు బైబిలు తెరుచుకుంది. ఇక వంతెన ఆగుతుందా? వెంటనే ఏటి ఒడ్డున శంకుస్థాపన పెట్టారు. వంతెనకు శంకుస్థాపన కొత్త కాదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఒకటి జరుగుతుంది, గొయ్యి కూడా ఎప్పటిదే. దాంట్లో కప్పలు సంసారం చేస్తున్నాయి. ఈసారి తేడా అల్లా స్టేజీ. పెద్దమనుషులంతా ఎక్కుతారని మందపాటి దుంగ చెక్కలతో, ఏనుగెక్కినా కదలనంత గట్టిగా కట్టించారు. ఫాదర్ ఆశీర్వదించారు, పాస్టర్ ఆశీర్వదించారు, మేయర్ గారు గునపంతో కప్పల్ని బెదరగొట్టి మైకు అందుకున్నారు. మన జాతి పితలు అంతా దేవుడి చేతిలో పెట్టారు కాబట్టే ఈ దేశం పుట్టిందన్నారు. ఈ వంతెనను కూడా దేవుడే కడతాడు, మనం నిమిత్తమాత్రులం అన్నారు. నాకైతే కళ్ళు చెమర్చాయి.

నిజమే, దేశాన్ని నిలబెట్టిన ఆ కుర్రాళ్ళు పవిత్ర త్రిత్వం పేరిట ప్రమాణం చేశారు. ప్రమాణం చేసి ఇంటికెళ్ళి పడుకోలేదన్న చిన్న వివరం మాత్రం ప్రసంగంలో జారిపోయింది. ఇంట్లో ఉన్నదంతా అమ్మి తూటాలు కొనండని ఒకాయన సొంత తల్లికే కబురు పెట్టాడన్నది కూడా జారిపోయింది. పోనిద్దురూ. ఎండలో పెద్దమనిషి ఎంతని గుర్తుపెట్టుకుంటాడు?

బ్యాండు వెళ్ళిపోయింది, కార్లు వెళ్ళిపోయాయి. స్టేజీ మర్నాడు విప్పుతామన్నారు. కొండల మీద మబ్బు నల్లగా దిగుతోంది. దెయానిరా పరీక్ష వచ్చే వారమే. క్రుసీతా స్టేజీ చుట్టూ ఒకసారి తిరిగింది. చెక్కను కాలితో తన్ని చూసింది. తరవాత నడుం మీద చేతులు పెట్టుకుని మా వైపు తిరిగింది.

"వంతెన దేవుడు కడతాడన్నారు కదా. ఇవిగో, చెక్కలు పంపించాడు. పట్టండి."

మొదట ఫాదర్ తొరీబియో అంగీ పైకి చెక్కారు. అది చూసి పాస్టర్ ఎలియుద్ టై విప్పారు, ఫాదర్ కంటే వెనకబడటం ఆయన వల్ల కాదు. ఆ తరవాత ఊరంతా దిగింది. ఎవరి ఇల్లు కప్పాలన్నా, ఎవరి పొలం కోయాలన్నా మన తాతల కాలం నుంచీ చేసుకునే సాయమే. కూలి లేదు, కడుపునిండా భోజనం ఉంటుంది. క్రుసీతా ఒడ్డున పెద్ద గుండిగలో మాంసం, దుంపలు, పచ్చి అరటికాయలు వేసి పులుసు పెట్టింది. ఏళ్ళుగా మా డామినో బల్లలకు పీటలుగా ఉన్న కరెంటు స్తంభాలను దొర్లించుకొచ్చి, బండల మీద రాళ్ళు ఎత్తుగా పేర్చి దూలాలుగా పరిచి, ఇనప తీగతో బిగించారు. వాటి మీద స్టేజీ చెక్కలు కొట్టారు. బరువులెత్తొద్దని డాక్టరు నాకు చెప్పాడు కాబట్టి నేను సలహాలు మోశాను. నెల్సీదో నడుంలోతు నీళ్ళలో నిలబడి మేకులు అందించాడు. పొద్దు గూకే లోపల అవతలి గట్టు వాళ్ళు కాలు తడవకుండా ఇంటికి నడిచి వెళ్ళారు.

ఆ రాత్రి ఏరు వచ్చింది. బండలు మునిగాయి. వంతెన మునగలేదు.

ఇంత మంచి కార్యం జరిగితే మేయర్ గారు సంతోషించాలా, లేదా? మేం మునిసిపల్ చెక్కలు దొంగిలించామని ఆయన పోలీసు కేసు పెట్టారు! సార్జెంటు వచ్చి ఏటి ఒడ్డున అందర్నీ వరసగా నిలబెట్టి, స్టేజీ ఎవరు తీశారని అడిగాడు. దేవుడు అన్నారు ఫాదర్. ఈ ఒక్క విషయంలో నేను ఫాదర్‌తో ఏకీభవిస్తున్నాను అన్నారు పాస్టర్. దేవుడే అంది క్రుసీతా. దేవుడే అన్నాను నేను కూడా, టోపీ తీసి. మేయర్ గారు మైకులో చెప్పిన మాటను కాదనడానికి మేమెవరం?

సార్జెంటు బుర్ర గోక్కుంటూ ఆఫీసుకు పోయి, తెరిచిన బైబిలు బొమ్మ కింద నిలబడి మేయర్ గారిని వినయంగా అడిగాడు.

"ముద్దాయిగా దేవుడి పేరు రాయమంటారాండీ? లేదంటే, వంతెన ఆయన కట్టలేదని రాసుకుంటాను. కానీ అప్పుడు అది ఎవరు కట్టాల్సిందో కూడా రాయాల్సొస్తది."

సాయంత్రానికి కేసు లేదు. మర్నాటికి వంతెన మొదట్లో పలక ఉంది: దేవుని దయతో, దోన్ అపోలినార్ గారి అవిశ్రాంత కృషితో. అవిశ్రాంత అన్న మాట నాకు నచ్చింది. సృష్టి అంతా చేశాక దేవుడైనా ఒక రోజు విశ్రాంతి తీసుకున్నాడు. ఆ తరవాత మనకో దేశాన్ని పెట్టి ఇచ్చి, ఇక వీళ్ళు చూసుకుంటారులే అనుకుని ఉంటాడు. మనం ఆయన్ని కుళాయిలకూ, గుంటలకూ, స్తంభాలకూ గుమాస్తాను చేసి కూర్చోబెట్టాం.

పరీక్ష రోజు పొద్దున వాన పడుతూనే ఉంది. దెయానిరా అదే నీలం చొక్కా వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వంతెన దాటింది. ఇవతలికి వచ్చాక చెప్పులు తొడుక్కుని బడికి పరిగెత్తింది. గంట అప్పటికింకా కొట్టలేదు. మేం డామినోలు ఆడకుండా ఊరికే నిలబడి చూశాం. కూర్చుందామంటే పీటలు కూడా లేవు.

మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి పొయ్యి దగ్గరికి వచ్చింది. పాసవుతావా అమ్మా అని అడిగాను.

"దేవుడు తలిస్తే అవుతాను బాబాయ్" అంది వినయంగా.

క్రుసీతా నూనెలోంచి తల ఎత్తలేదు.

"ఆయన తలిచాడులేవే. నువ్వు రాశావా లేదా, అది చెప్పు."

"రాశానమ్మా. అన్నీ రాశాను."

పాఠకులారా, నా మనవి ఒక్కటే. క్రుసీతా అన్న ఆ మాటను మునిసిపల్ ఆఫీసు గోడ మీద, బైబిలు బొమ్మ కింద, మేయర్ గారు లోపలికి వెళ్ళేటప్పుడల్లా కళ్ళబడేలా రాయించాలి: ఆయన తలిచాడులే, నువ్వు చేశావా లేదా? పెద్ద అక్షరాలే కాబట్టి తన దగ్గర కుంచె ఉందన్నాడు నెల్సీదో. నిన్ననే వెళ్ళి మేయర్ గారిని అనుమతి అడిగాను. ఎంతో ప్రేమగా కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించారు.

తప్పకుండా రాయిద్దాం అన్నారు, దేవుడు తలిస్తే.