మోచేతికి అంకెలుండవు

ఆ శనివారం ఉదయం ఎన్సియో చేతిలో ఉన్నవి ఇవి: మొలకెత్తించి దంచిన బార్లీ నలభై కిలోలు, వడకట్టడానికి ఒక మోపు జూనిపర్ కొమ్మలు, కూతురు మెర్యా పెళ్లికి తొమ్మిది రోజుల గడువు, తన ఇనుప సామాన్ల దుకాణం నుంచి తెచ్చిన కొత్త థర్మామీటరు. బీరు కాయడంలో ఔనె అత్తకున్న మంచి పేరు కూడా అతని చేతిలోనే ఉంది గానీ, అది తనది కాదు కాబట్టి లెక్కలో వేసుకోలేదు.

ఆ సరస్సు ఒడ్డున నలభై ఏళ్లుగా ఏ పెళ్లికైనా ఇంటి బీరు కాచింది ఔనె అత్తే. తొట్టిలో మోచేయి ముంచి తీసి, చాలు అనేది. అంతే. వేడి అరవై ఐదు డిగ్రీల దగ్గర నిలిస్తే గింజలోని పిండి తీపవుతుంది, ఆ తీపి తర్వాత కైపవుతుంది. వేడి మరీ ఎక్కువైతే గింజ సత్తువ చచ్చి, మిగిలేది కైపెక్కని తియ్యటి జావ.

ఆవిరి స్నానాల గదిలో తొట్టి సిద్ధమైంది. అత్త చొక్కా చేయి పైకి మడిచింది.

"అక్కర్లేదత్తా. మోచేతికి అంకెలుండవు," అన్నాడు ఎన్సియో.

"నీ అంకెలకి చర్మం లేదు కదరా."

"ఈ వయసులో నీకెందుకీ శ్రమ? ఇంట్లో కూర్చుని కాఫీ తాగు."

అత్త చేయి కిందికి దించుకుంది. "కాఫీ తాగుతాలే. ఊరికే మూత తియ్యకు. తీసి చూసినకొద్దీ నీకే భయమేస్తుంది," అని వెళ్లిపోయింది.

ఎన్సియో థర్మామీటరుకు దారం కట్టి, మూత అడుగున మేకుకు వేలాడదీశాడు. మూత ఎత్తితే థర్మామీటరు కూడా పైకి వస్తుంది, వంగకుండానే చదువుకోవచ్చు. తన తెలివికి తనే మురిసిపోయి, అట్టముక్క మీద రాసి గోడకు కొట్టాడు: "అరవై ఐదు కంటే తగ్గితే ఒక బకెట్ మరిగే నీళ్లు పోయాలి." పక్కనే పొయ్యి మీద నీళ్లు మరుగుతూనే ఉన్నాయి. అతను దుకాణానికి వెళ్లాడు.

శనివారం ఆవిరి స్నానాల రోజు కాబట్టి ఆ గదికి అందరూ వస్తారు. తువ్వాళ్లు పెట్టడానికి వచ్చిన భార్య సిర్కా మూత ఎత్తింది. అక్టోబరు చలిగాలికి తడి థర్మామీటరు అరవైకి దిగింది. ఒక బకెట్ పోసింది. కట్టెలు తెచ్చిన బావమరిది ఉర్పో కళ్లజోడు వెతుక్కుని పెట్టుకునేసరికి యాభై ఆరు కనిపించింది. ఒక బకెట్. పెళ్లికూతురు ఒకటి. చూసిపోదామని వచ్చిన కాబోయే వియ్యంకుడు, మర్యాద కోసం, రెండు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అడగకుండా చెప్పుకోవడం ఆ ఇంట్లో గొప్పలు పోవడం కింద లెక్క.

మధ్యాహ్నం ఎన్సియో వచ్చి మూత ఎత్తాడు. యాభై ఎనిమిది.

"ఎవరూ పట్టించుకోలేదన్నమాట," అని గొణిగి, తనూ రెండు పోశాడు.

కాసేపటికి అత్త వచ్చింది. ఎవరినీ అడక్కుండా మోచేయి ముంచబోయి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఏరా, ఇందులో కోడిని వేస్తే ఉడుకుతుంది."

"యాభై ఎనిమిదే ఉందత్తా, నా కళ్లతో చూశాను."

అత్త దారం విప్పి థర్మామీటరును తొట్టి లోపలికి దించింది. "ఇప్పుడు వంగి చదువు."

ఎనభై మూడు. ఎన్సియో రెండోసారి చదివాడు. మళ్లీ కాయడానికి గింజలు లేవు.

"ఎవరికీ చెప్పకత్తా," అన్నాడు.

అత్త చెప్పలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

పెళ్లిలో పిల్లలు ముంతలకు ముంతలు తాగారు. పాస్టరు నాలుగో ముంత తర్వాత కూడా తిన్నగా కారు నడుపుకుంటూ పోయాడు. ఫిడేలు వాయించేవాడు చివరి దాకా ఒక్క స్వరం తప్పలేదు, అలాంటిది ఆ ఊరు ఎప్పుడూ వినలేదు. ఆనవాయితీ ప్రకారం ముసలివాళ్లు లేచి, ముంతలు అత్త వైపు ఎత్తి, "ఔనె చేతికి జై" అన్నారు. అత్త తల ఊపింది.

"పాపం, ఔనెకి వయసైపోయింది," అన్నారెవరో కూర్చుంటూ.

ఎన్సియో నోట్లో అప్పుడు నిండు గుక్క ఉంది. దాన్ని మింగాడు. మాట్లాడటానికి అదే సమయమని తెలుసు. అయినా ఇంకో గుక్క తాగాడు.

క్రిస్మస్ బీరు కాయమని అత్తను ఎవరూ పిలవలేదు. మూడు ఆదివారాలు ఓర్చుకుని, నాలుగో ఆదివారం చర్చి మెట్ల మీద ఎన్సియో అందరినీ ఆపాడు.

"పాడుచేసింది నేను. అత్త చెయ్యే పెట్టలేదు," అన్నాడు.

మగవాళ్లు గౌరవంగా టోపీలు తీశారు. "మంచివాడివి ఎన్సియో. పెద్దావిడ తప్పు నీ మీద వేసుకున్నావు," అన్నాడు ఒకతను.

"కాదయ్యా, థర్మామీటరుని మూతకి కట్టాను, మూత ఎత్తినప్పుడల్లా..."

"సర్లే, మాకర్థమైంది," అని భుజం తట్టారు. అతను వివరించినకొద్దీ ఇంకా గట్టిగా తట్టారు.

ఇంటికెళ్లి అత్తకు చెప్పాడు. ఆమె కాఫీ పోసిచ్చి, "ముందే చెప్పాల్సిందిరా. అప్పుడు నమ్మేవాళ్లు," అంది.

ఇక అత్త మోచేతిని నమ్ముకుని లాభం లేదని, ఆ వారమే పదకొండు ఇళ్లవాళ్లు ఎన్సియో దుకాణంలో థర్మామీటర్లు కొన్నారు. ఆ విధంగా అతనికి పదకొండు థర్మామీటర్ల బేరం, దాని మీద మంచివాడన్న పేరు మిగిలాయి. అత్తకు మోచేయి మిగిలింది. దాన్ని కిటికీ గట్టు మీద ఆనించి కూర్చుంటుంది.