కుళాయికి సరిపడా గొడవ

ప్రపంచంలో శాంతికి కొరత వచ్చిందని పెద్దలు వేదికలెక్కి బాధపడుతుంటారు. క్షేత్రస్థాయి అనుభవం లేనివాళ్ల మాటలవి. శాంతి ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, అడిగే నాథుడే లేడు. అసలు కొరత గొడవకి. ఫారంలో పట్టేది, మూడు ప్రతుల్లో రుజువు చేయగలిగేది, ఫొటోలో స్పష్టంగా కనిపించేది అయిన గొడవ ఒక్కటి దొరకాలంటే కలకత్తా అంతటి మహానగరంలో కూడా చెప్పులరిగిపోతాయి. అరిగినవి నా చెప్పులే కాబట్టి ఈ మాట సాధికారికంగా చెబుతున్నాను.

నా పేరు సోమయాజులు. 'తూర్పు భారత శాంతి సమన్వయ వేదిక'లో డాక్యుమెంటేషన్ అధికారిని. మా డైరెక్టర్ మల్లికార్జునరావుగారు ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి, ఈ ఊళ్లోనే జోనల్ మేనేజరుగా రిటైరయ్యారు. మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతుండగా ఆయనకి మానవాళి మీద అపారమైన ప్రేమ కలిగింది ("రోజంతా ఇంట్లోనే ఉంటారా?" అని వారి శ్రీమతి అడిగిన అయిదు నిమిషాలకి). ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సులో మానవతా నాయకత్వం నేర్చుకున్నారు. దరఖాస్తు లేనిదే అప్పు లేదన్నది బ్యాంకు సూత్రం. ఫారం లేనిదే శాంతి లేదన్నది ఇప్పటి సూత్రం. ఆయన మారలేదు, శాఖ మారిందంతే.

మా అధ్యక్షురాలు సత్యవేణిగారు రాజనీతిశాస్త్రం ప్రొఫెసరుగా చేసి మానేశారు. శాంతి మీద ఇప్పటికి నలభై ఒక్క సభల్లో మాట్లాడారు, నలభై ఒక్క శాలువాలు కప్పించుకున్నారు (కలకత్తా ఉక్కలో శాలువా కప్పుకోవడం శాంతి కోసం చేసే త్యాగాల్లో తలమానికం). ఇద్దరికీ సిద్ధాంతపరంగా ఏ విభేదమూ లేదు. ఫొటోలో మధ్యన ఎవరు నిలబడాలన్న ఒక్క అంశం మీద మాత్రం ఆరేళ్లుగా చర్చలు నడుస్తున్నాయి.

మాకు ఊపిరి పోసేది 'ఉత్తర సముద్ర శాంతి నిధి'. గొడవలున్న చోట వసతులు కల్పిస్తే గొడవలు తగ్గుతాయని ఆ చలిదేశపు పెద్దలు కనిపెట్టారు. అందుకని నిబంధన 14(గ) ప్రకారం, సంఘర్షణ సూచిక పదికి ఏడైనా వచ్చిన వీధికే కుళాయి, వాటర్ ట్యాంకు మంజూరవుతాయి. ఏడు లోపల వచ్చిన వీధి తన దాహాన్ని తానే చూసుకోవాలి.

ఆ సూచిక పట్టుకుని మేం ఏక్‌బాల్‌పూర్‌లో ఒక సందుకి వెళ్లాం. అక్కడ అరవై మూడు కుటుంబాలు, ఒక్కటే కుళాయి. రేవు పనికి వచ్చి స్థిరపడిన బీహారీలు, ఒడియావాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, శ్రీకాకుళం నుంచి ఏనాడో వచ్చిన మన తెలుగువాళ్లు కలిసి ఉంటారు. కాగితం మీద చూస్తే ఎంత గొప్ప గొడవకైనా సరిపోయే జనాభా అది. డైరెక్టర్‌గారి కళ్లు మెరిశాయి.

మాకు మొదట ఎదురైన మనిషి అప్పమ్మ. యాభై దాటిన వయసు, మోకాళ్ల నొప్పి, అలీపూర్‌లో ఒక ఫ్లాట్‌లో వంటపని. నేను టాబ్లెట్ తీసి ఫారం మొదలుపెట్టాను.

"మీ సందులో వర్గాల మధ్య ఘర్షణలు ఎంత తరచుగా జరుగుతాయి?"

"గొడవ పడ్డానికి మాకు టయమేది బాబూ? నీళ్లు ఆరింటికొత్తాయి, ఏడున్నరకి పోతాయి."

"గత ముప్పై రోజుల్లో పొరుగువారి మీదికి మీరు విసిరిన వస్తువు? రాయి, సీసా, ఇతరములు."

ఆవిడ నిజాయితీగా ఆలోచించింది. "మొన్న నజ్మా మేడ మీదుంటే కొత్తిమీర కట్ట ఇసిరినాను. అందుకున్నాది."

'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టాను. సందంతా తిరిగి లెక్కేస్తే సూచిక 1.8 దగ్గర ఆగింది.

అప్పుడు డైరెక్టర్‌గారు కుళాయి వైపు చూసి ఆగిపోయారు. కుళాయి దగ్గర్నుంచి మలుపు దాకా ఇటుకలు వరసగా పరిచి ఉన్నాయి. ఒకదానికి పసుపు బొట్లు, ఒకదానికి ఆకుపచ్చ రంగు, ఒకదాని మీద సుద్దతో గీసిన చేప.

"సోమయాజులుగారూ, చూశారా!" అన్నారు గొంతు తగ్గించి. "దాడి సామగ్రి! ఎవరి ఆయుధం వాళ్లది, పైగా గుర్తులు కూడా పెట్టుకున్నారు. ఎంత ముందస్తు ఏర్పాటండీ!"

ఈ ఊళ్లో కుళాయి నీళ్లు పట్టుకున్న వాళ్లెవరికైనా ఆ ఇటుకలేమిటో తెలుసు. మనిషి వరసలో గంటల తరబడి నిలబడలేదు, అందుకని తన ఇటుకని నిలబెడుతుంది. ఇటుక ఉన్నచోట మనిషి ఉన్నట్టే లెక్క, దాన్ని ఎవరూ జరపరు. కానీ డైరెక్టర్‌గారికి ముప్పై నాలుగేళ్లూ బ్యాంకు క్వార్టర్సులో నీళ్లు పైన ట్యాంకు నుంచి వచ్చాయి. నాకు తెలిసి కూడా నేను నోరు విప్పలేదు, ఎందుకంటే ఆ ఇటుకల వల్ల సూచిక ఒక్కసారిగా 3.9కి ఎగబాకింది. నా మౌనాన్ని ఇక్కడ రికార్డు కోసం నమోదు చేస్తున్నాను.

మేం వెళ్లబోతుంటే అప్పమ్మ వెనకాలే వచ్చింది.

"కులాయి వత్తాదా బాబూ?"

గొడవ చాలలేదని చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. అప్పుడు సంగతి చెప్పింది. ఏడింటికల్లా అలీపూర్‌లో పొయ్యి వెలిగించాలి. వరసలో తన వంతు వచ్చేసరికి ఒక్కోనాడు ఏడవుతుంది. ఆలస్యమవుతోందని రెండిళ్లవాళ్లు ఇప్పటికే మానిపించేశారు. ఈ మూడో ఇంటావిడ ఇంకొక్కసారి ఆలస్యమైతే రావద్దంది. "రెండో కులాయొత్తే వరస సగమైపోద్ది బాబూ. ఆ ఇల్లు ఒకటీ నిలబడితే నాకు సాలు."

నాకు జాలేసింది. ఫారంలో దానికి గడి లేదు.

"ఇంతకీ గొడవ ఎంత కావాలేటి?" అంది.

"ఏడు."

"ఏడంటే ఎంత?"

మార్గదర్శకాలు తీసి చదివాను: "పరస్పర దూషణ, పాత్రల ధ్వంసం, కనీసం ఒక్కరైనా ఇంకొకరి జుట్టు పట్టుకోవడం."

"ఓస్, అంతేనా! సేసీత్తాం," అంది అప్పమ్మ.

ఆదివారం మధ్యాహ్నం రిహార్సల్ పెట్టారు. పర్యవేక్షణకి నన్ను పిలిచారు (అనధికారికంగా, టీతో సహా). ఒక పక్క అప్పమ్మ, ఎదురు పక్క నజ్మా. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా పక్కపక్క గుమ్మాలవాళ్లు. అప్పమ్మ కొంగు బిగించి, "నీ బిందె సొట్టపోనూ!" అని అరిచింది. నజ్మా తన బిందెని తిప్పి చూసుకుని, అది కిందటేడే సొట్టపోయిందని హిందీలో విన్నవించింది. తర్వాత నజ్మా వంతు. "నీ ఇటుక పగిలిపోనూ!" అనేసి, అంత మాట అన్నందుకు తనే బెదిరి "తౌబా, తౌబా" అని చెంపలు వాయించుకుంది. సందంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. జుట్టు పట్టుకునే అంకానికొచ్చేసరికి నజ్మా అప్పమ్మ ముడి ఊడదీసి, "దీదీ, తలకి నూనె పెట్టి ఎన్నాళ్లయింది?" అని ఇంట్లోంచి కొబ్బరినూనె సీసా తెచ్చింది. ఆ పూటకి సూచిక 1.2. మానవ సంబంధాల విషయంలో ఇంత చేతకాని జనాన్ని నేనెక్కడా చూడలేదు.

బుధవారం పొద్దున్న అయిదూ నలభై అయిదుకి నిధివారి మదింపు అధికారి శర్మిష్ఠా గుహ వచ్చారు. ఇక్కడే పుట్టి పెరిగిన బెంగాలీ ఆవిడ. ఇటుకల్ని చూడగానే, "ఓ, నీళ్ల లైనా!" అన్నారు. డైరెక్టర్‌గారి దాడి సామగ్రి అక్కడికక్కడే మట్టిలో కలిసిపోయింది.

అయినా అప్పమ్మ ధైర్యం కోల్పోలేదు. సైగ చేసింది. గొడవ మొదలైంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అద్భుతంగా చేశారు. ఇరవై మంది ఆడవాళ్లు నాలుగు భాషల్లో ఒకేసారి తిట్టుకున్నారు. ఒక ప్లాస్టిక్ బకెట్ గాల్లోకి లేచింది. నజ్మా నిజంగానే జుట్టు పట్టుకుంది, అప్పమ్మ నిజంగానే కేక పెట్టింది. గుహగారి పెన్ను పరిగెత్తింది. వెనకనుంచి తొంగిచూశాను: 6.8!  ఇంకొక్క 0.2 చాలు, ఒక్క చెంపదెబ్బ!

సరిగ్గా అప్పుడు కుళాయి గురగురమంది.

నీళ్లొచ్చాయి. గొడవ టక్కున ఆగిపోయింది. ఇరవై మందీ మారుమాట్లాడకుండా వెళ్లి ఎవరి ఇటుక దగ్గర వాళ్లు నిలబడ్డారు. ఎవరూ తోసుకోలేదు. అంతటితో ఆగినా బాగుండేది. వరసలో ముందున్న నజ్మా వెనక్కి తిరిగి, "దీదీ, నువ్వు పనికి పోవాలిగా, ముందు పట్టుకో," అని అప్పమ్మ బిందె లాక్కుని కుళాయి కింద పెట్టింది. అప్పమ్మ కళ్లనిండా నీళ్లతో తల కొట్టుకుంది.

గుహగారు 6.8 కొట్టేసి 0.6 వేశారు.

ఇక మిగిలింది ఆవిడకి జ్ఞాపిక, శాలువా ఇచ్చి పంపడమే. మా సిబ్బంది పదకొండు మంది బ్యానరు పట్టుకున్నారు. సత్యవేణిగారు కాస్త పొట్టి. ఫొటోలో కనపడాలని దగ్గర్లో ఉన్న ఆకుపచ్చ ఇటుక తీసి, వేసుకుని, ఎక్కి నిలబడ్డారు. సరిగ్గా మధ్యన.

"మేడమ్, సంస్థ తరఫున సత్కారం డైరెక్టర్ చేయాలి. బైలా చదవండి," అన్నారు రావుగారు శాలువా ఒక కొస పట్టుకుని.

"ఆ బైలా రాసింది నేను," అన్నారు సత్యవేణిగారు రెండో కొస పట్టుకుని. "మీకు అర్థం చెప్పింది కూడా నేనే."

"మీరు శాంతి గురించి మాట్లాడతారు. చేసేది నేను!"

"ఏదీ, చేసింది ఒక్కటి చూపించండి!"

శాలువా చిరిగింది. సిబ్బంది అయిదుగురు అటు, ఆరుగురు ఇటు అయ్యారు. బ్యానరు 'శాంతి'కీ 'సమన్వయ'కీ మధ్య నిలువునా రెండైంది. జ్ఞాపిక (గాజు పావురం) నేలకి తగిలి ముక్కలైంది. ఆరేళ్లుగా మినిట్స్‌లో నేను మర్యాదగా 'అభిప్రాయభేదం' అని రాస్తూ వచ్చిన మాటలన్నీ ఆ పూట ఉన్నవి ఉన్నట్టు బయటికొచ్చాయి. గుహగారు కొత్త ఫారం తీసుకుని ప్రశాంతంగా మొదటి గడి నుంచి నింపడం మొదలుపెట్టారు.

అప్పమ్మ అప్పటికి బిందె ఇంట్లో దింపి, చెప్పులేసుకుని పనికి బయల్దేరింది. టైమ్ ఆరూ పది. ఆవేళ ఆలస్యమయ్యే ప్రమాదమే లేదు. కానీ మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"ఆగండేటి! అమ్మా, అది నజ్మా ఇటుక. ముందు దిగండి!"

సత్యవేణిగారు దిగారు. ఆ గొంతు అలాంటిది. అప్పమ్మ గోడ పక్కనుంచి ఇంకో రెండు ఇటుకలు తెచ్చింది. ఒకదానికి సుద్దతో బొట్టు పెట్టింది, ఒకదానికి గీత గీసింది.

"ఈయాల ముందు ఎవులొచ్చినారు?"

మేడమ్ అయిదూ నలభైకి, సార్ అయిదూ నలభై రెండుకి వచ్చారని నేను సాక్ష్యమిచ్చాను.

"అయితే అమ్మ ముందు, బాబు ఎనక. రేపు బాబు ముందు. ఎవుల ఇటుక కాడ ఆలు నిలబడండి."

నిలబడ్డారు! అక్కడితో అయిందనుకుంటే, తక్కిన పదకొండు మందిమి కూడా మా ఇటుకలేవని అడిగాం. అందరికీ వెతికి, గుర్తులు పెట్టి, వరస కుదిర్చేసరికి ఏడూ ఇరవై అయింది. అప్పమ్మ పరుగులాంటి నడకతో అలీపూర్ వెళ్లింది. తలుపు తీసినావిడ లోపలికి రావద్దందట.

మూడు వారాలకి నిధి నుంచి ఉత్తరం వచ్చింది. ఏక్‌బాల్‌పూర్ సందుని 'శాంతి సంతృప్త ప్రాంతం'గా ప్రకటించారు, అక్కడ ఏ సాయమూ అవసరం లేదు. మా వేదికకి సూచిక 9.2. (పూర్తి పది రావలసింది. జుట్టు పట్టుకునే గడి దగ్గర డైరెక్టర్‌గారికి 'వర్తించదు' అని పడింది.) తీవ్ర సంఘర్షణ ప్రాంతం కింద అత్యవసర ప్రాతిపదికన కుళాయి, వాటర్ ట్యాంకు మా ఆఫీసు వాకిట్లోనే మంజూరయ్యాయి. రిబ్బన్ని రెండు కత్తెరలతో రెండు చివర్లా కత్తిరించారు. మధ్య ముక్క ఎవరిదన్నది బోర్డు ముందు పెండింగులో ఉంది.

మొదటి సీసా ఎవరు పట్టాలన్న విషయంలో మళ్లీ గొడవలు రాకుండా అప్పమ్మని 'వరస సమన్వయకర్త'గా నియమించుకున్నాం. ఆవిడ గురించి నిధికి నేనే సిఫార్సు రాశాను, అది రాసినందుకు నాకిప్పటికీ గర్వంగానే ఉంది. మా కుళాయికి కూడా నీళ్లు ఆరింటికే వస్తాయి. సార్, మేడమ్ ఇద్దరూ అయిదున్నరకే వచ్చి కూర్చుంటారు కాబట్టి అప్పమ్మ డ్యూటీ అయిదున్నర నుంచి ఎనిమిది దాకా. అంటే సందులో నీళ్లొచ్చే వేళకి ఆవిడ అక్కడ ఉండదు. ఆవిడ పసుపు బొట్ల ఇటుక మాత్రం రోజూ వరసలో ఉంటుంది. దాని వంతు వచ్చినప్పుడు నజ్మా ఆ బిందె నింపి, అప్పమ్మ గుమ్మంలో పెట్టి, కొంగుతో మూత చుట్టూ తుడిచి వెళుతోంది.

వార్షిక నివేదికలో కుళాయి, అప్పమ్మ నియామకం తర్వాత అది మా మూడో విజయం.