దేవేంద్ర ఇంటి ముందు షామియానా

ఆ శనివారం రామకోటేశ్వరరావు చెయ్యాల్సిన పని ఒక్కటే. చిట్టినగర్ సందులో రేణుక ఇంటికి వెళ్లి, వాళ్లమ్మాయి సాయిశ్రీకి తోడుగా మధ్యాహ్నం దాకా కూర్చోవడం. కూర్చోవడం ఆయనకు కొత్త కాదు. వన్‌టౌన్‌లో మంగళగిరి చీరల కొట్టు తెరిచిన నాటి నుంచీ ఆయన చేస్తున్నది అదే.

రేణుక భర్త దేవేంద్ర సైన్యంలో హవల్దారు. ఎక్కడో మంచుకొండల మీద డ్యూటీ. అక్కడ జవాన్లందరికీ కలిపి ఫోను ఒకటే కాబట్టి, శనివారం పొద్దున వరుసలో నిలబడి ఇంటికి ఐదు నిమిషాలు మాట్లాడతాడు. సరిగ్గా ఆ శనివారమే రేణుకకు గన్నవరంలో టీచరు ఉద్యోగం పరీక్ష పడింది. పరీక్ష హాల్లోకి ఫోను రానివ్వరు గనక దాన్ని పిల్ల చేతికిచ్చి వెళ్లాలి. వన్‌టౌన్ బట్టల వర్తకులు సైనిక కుటుంబాల కోసం సేవా సంఘం పెట్టారని ఎవరో చెబితే, దాని అధ్యక్షుడైన రామకోటేశ్వరరావుకు ఫోన్ చేసింది.

"ఎవరైనా ఒక్కరొచ్చి పాప దగ్గర కూర్చుంటే చాలు బాబాయ్ గారూ. ఇన్నాళ్లూ కంటోన్మెంటు స్కూళ్లలో హిందీలో చదివింది. తెలుగు చదవడం ఈ ఏడే నేర్చుకుంది. వాళ్ల నాన్నకి మొదటిసారి తెలుగు చదివి వినిపిస్తానని వారం నుంచీ ఒకటే సంబరం. కాస్త నిశ్శబ్దంగా ఉంటే చాలండీ."

"నిశ్శబ్దమే కదా? అది నాకొదిలెయ్యమ్మా," అన్నాడాయన.

నిజానికి సంఘం పెట్టాక ఒక సైనిక కుటుంబం నోరు తెరిచి సాయం అడగడం అదే మొదలు. అప్పటిదాకా సభ్యులు ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటూ చెయ్యి అలవాటు చేసుకుంటున్నారు. ఈ ఆనందం ఆయన తనలో దాచుకుని ఉంటే కథ లేకపోయేది. కార్యదర్శి పవన్‌కుమార్‌కు చెప్పాడు.

"వట్టి చేతుల్తో ఏం వెళ్తామండీ, ఆవిడకో చీర పెడదాం," అన్నాడు పవన్‌కుమార్.

చీర పెడితే ఫొటో తియ్యాలి. ఫొటోలో వెనక గోడ బోసిగా ఉంటుంది గనక ఫ్లెక్సీ కావాలి. ఫ్లెక్సీలో బొమ్మ పడ్డవాళ్లంతా దాన్ని చూసుకోవడానికి వస్తారు గనక కుర్చీలు కావాలి. కుర్చీలకు ఎండ తగలకుండా షామియానా, షామియానా కిందివాళ్లకు ఇడ్లీ, ఇడ్లీ అయ్యేదాకా కదలకుండా కూర్చోబెట్టడానికి మైకు, మైకు ముందు మాట్లాడ్డానికి ముఖ్య అతిథి. ఇందులో ఒక్కటి కూడా అనవసరమని రామకోటేశ్వరరావుకు అనిపించలేదు.

"పిల్ల దగ్గర కూర్చోమంటే పెళ్లి చేస్తున్నారేంటండీ?" అంది ఆయన భార్య వెంకటరావమ్మ.

"నీకు సేవంటే తెలీదులే."

"తెలీదు గనకే నేనొచ్చి పిల్ల దగ్గర కూర్చుంటా."

పొద్దున్నే రేణుక గన్నవరం బస్సెక్కింది. ఆవిడ అటు వెళ్లగానే ఇటు షామియానా బండి సందులోకి తిరిగింది. ఇంటి గుమ్మం పక్కనే ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో రేణుక వాట్సాప్ నుంచి తీసిన దేవేంద్ర బొమ్మ. యూనిఫాంలో తీయించుకున్నది గనక నవ్వు లేదు. చుట్టూ సంఘం పెద్దలందరూ చేతులు జోడించి ఉన్నారు. కింద పెద్ద అక్షరాలతో 'అధైర్యపడకండి, మీకు మేమున్నాం' అని ఉంది. ముఖ్య అతిథి కోసం మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూల దండ నలిగిపోతుందని పవన్‌కుమార్ దాన్ని ఫ్లెక్సీ పైనున్న మేకుకు తగిలించాడు. అది తిన్నగా దేవేంద్ర మెడలో పడినట్టు వేలాడింది. దండ భద్రంగా ఉంది కదా అని అందరూ సంతోషించారు. రామకోటేశ్వరరావు ఇడ్లీలు తేవడానికి ఆటో ఎక్కాడు.

ఎదురింటి అమలమ్మ కూరగాయల సంచితో అప్పుడే సందు మలుపు తిరిగింది. షామియానా చూసింది. వరసగా కుర్చీలు చూసింది. ఫొటో, దండ, జోడించిన చేతులు, అధైర్యపడకండి... సంచి జారిపోయి వంకాయలు రోడ్డు మీద దొర్లాయి.

"ఓరి నాయనోయ్! మొన్న సెలవుకొచ్చి మా మోటారు బాగుచేసి వెళ్లావు కదరా అయ్యా!"

ఆ కేకకు సందంతా బయటికొచ్చింది. అవతల చెప్పుల కొట్టతను షట్టరు దించేశాడు. సన్మానానికని ఇస్త్రీ చొక్కాలు వేసుకొచ్చిన సభ్యులు, ఆడవాళ్ల ఏడుపు చూసి కబురు ఇప్పుడే తెలిసిందనుకున్నారు. "ఎప్పుడంట?" అంటే "పొద్దునేనంట" అన్నారొకరు. మైకతను పాట మార్చి భజన పెట్టాడు. షామియానా వేయించింది తామేనని ఒక్కడికీ తట్టలేదు.

రామకోటేశ్వరరావు ఇడ్లీ పొట్లాలతో ఆటో దిగాడు. "ఏమైందయ్యా?"

"దేవేంద్ర గారు పోయారండీ," అన్నాడు పవన్‌కుమార్ కళ్లు తుడుచుకుంటూ. "అదృష్టం కొద్దీ మన షామియానా ముందే వేసుంది."

ఆ షామియానా ఆర్డరిచ్చినవాడు, ఆ ఫ్లెక్సీలో అందరికంటే పెద్ద బొమ్మ వేయించుకున్నవాడు అయిన రామకోటేశ్వరరావు ఆ మాట నమ్మేశాడు. ఇంతమంది ఏడుస్తుంటే తను నమ్మకపోవడం మర్యాద కాదనిపించింది కాబోలు. కుర్చీలో కూలబడ్డాడు. లోపలున్న పిల్ల గుర్తొచ్చి నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ తల్లి పరీక్ష రాసి వస్తే ఏం చెప్పాలి?

అంతలో తలుపు తెరుచుకుంది. చెవికి ఫోను పెట్టుకుని సాయిశ్రీ, వెనకే వెంకటరావమ్మ.

"తాతగారూ, కొంచెం అరవకుండా ఉంటారా? డాడీకి నా మాట వినిపించట్లేదు."

రామకోటేశ్వరరావు చటుక్కున ఫోను లాక్కున్నాడు. "ఎవరు? ఎవరు మాట్లాడేది?"

"దేవేంద్రనండీ. ఏంటండీ ఆ ఏడుపులు? ఎవరైనా పోయారా?"

"నువ్వే బాబూ!"

"నేనాండీ?"

"అవునయ్యా. వీధంతా ఇక్కడే ఉంది. షామియానా వేశాం, ఇడ్లీలు కూడా వచ్చేశాయి." అంటూనే దండ వంకా, మేకు వంకా చూసి ఆయనకు సంగతి అర్థమైంది. అర్థమయ్యాక ఏడుపు తగ్గాల్సింది పోయి ఎక్కువైంది.

"ఊరుకోండి బాబాయ్ గారూ. ధైర్యంగా ఉండండి, నేనున్నాను కదా," అన్నాడు దేవేంద్ర. "ముందు మంచినీళ్లు తాగండి. రేణుకకి తెలిసిందా? లేదు కదా? ఆవిడొచ్చేలోగా ఆ షామియానా..."

ఫోను కట్టయింది. ఐదు నిమిషాలూ అయిపోయాయి.

సాయిశ్రీ చేతిలో తెలుగు వాచకం తెరిచే ఉంది. "డాడీ పెట్టేశారా? నేనింకా చదవలేదు కదా," అంది. పిల్ల గట్టిగా ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. పుస్తకం మూసేసి లోపలికెళ్లిపోయింది. నిశ్శబ్దం ఒక్కటి అడిగితే మైకు పట్టుకొచ్చిన తన బతుకు మీద రామకోటేశ్వరరావుకు అసహ్యం వేసింది. భార్య ముఖం వంక చూసే ధైర్యం కూడా లేకపోయింది.

"అన్నీ విప్పండి!" అని అరిచాడు. కుర్చీలు తనే మడతపెట్టాడు. బతికే ఉన్నాడని తెలిసి అమలమ్మ వంకాయలు ఏరుకుంటూ సంఘాన్ని పేరుపేరునా తిట్టింది. ఏడ్చి ఏడ్చి ఆకలేసిందేమో, ఇడ్లీ పొట్లం మాత్రం ఎవరూ వద్దనలేదు.

రామకోటేశ్వరరావు చివరగా ఫ్లెక్సీ విప్పుతుండగా, ఆయన జేబులోనే ఉండిపోయిన రేణుక ఫోను మళ్లీ మోగింది.

"బాబాయ్ గారూ, మావాళ్లకి సంగతి చెప్పానండీ. ఊళ్లో పోయినవాడు ఇంటికి ఐదు నిమిషాలు మాట్లాడితే ఏం సరిపోతుంది అని, వెనకున్న వాళ్లంతా వాళ్ల వంతులు నాకిచ్చేశారు. పాపనివ్వండి."

సాయిశ్రీ పరుగెత్తుకొచ్చింది. పుస్తకం లోపలే మర్చిపోయింది. దానికోసం వెనక్కి తిరగబోయి, ఫ్లెక్సీ చూసి ఆగిపోయింది. "డాడీ, నీ పేరు ఇక్కడ ఉంది! చదవనా?"

రామకోటేశ్వరరావు ఫ్లెక్సీని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. హ-వ-ల్దా-ర్ దే-వేం-ద్ర. అ-ధై-ర్య-ప-డ-కం-డి. అక్కడితో ఆగలేదు, సంఘం పెద్దల పేర్లన్నీ చదివింది. రామకోటేశ్వరరావు అన్న పేరు దగ్గరికొచ్చేసరికి, ఇంత పొడుగు పేరు పెట్టినందుకు ఆయన జీవితంలో మొదటిసారి తండ్రిని తిట్టుకున్నాడు. పిల్ల 'శ్వ' దగ్గర ఆగింది. సందులో ఎవరూ ఊపిరి పీల్చలేదు. పవన్‌కుమార్ అందించబోతే అమలమ్మ మోచేత్తో పొడిచింది. సాయిశ్రీ దాటేసింది. అంత దూరంలో ఉన్న తండ్రి ఏమన్నాడో గానీ పిల్ల ముఖం వెలిగిపోయింది.

మధ్యాహ్నం రేణుక వచ్చేసరికి సందు ఎప్పట్లాగే ఉంది. మెట్టు మీద రామకోటేశ్వరరావు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఇబ్బందేం పెట్టలేదు కదా బాబాయ్ గారూ?"

"అబ్బే, నిశ్శబ్దంగా కూర్చున్నామమ్మా," అన్నాడు. ఎదురింట్లో అమలమ్మ గట్టిగా దగ్గింది.

సాయంత్రంలోగా సంగతంతా అమలమ్మే చెప్పింది. రేణుక ముందు భయపడి, తర్వాత నవ్వి, చివరికి ఆ రెండూ కలిపి చేసింది. రామకోటేశ్వరరావు సంఘానికి రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాడు. వచ్చే శనివారం దాకా ఆగితే దేవేంద్రకు స్వయంగా క్షమాపణ చెప్పుకుని ఇవ్వొచ్చనుకున్నాడు.

తీరా ఆ శనివారం దేవేంద్ర ఆయన్ని నోరెత్తనివ్వలేదు. అక్కడ ఐదు నిమిషాలు సరిపోని జవాన్లందరూ తమ తమ ఊళ్లలో కూడా ఒకసారి షామియానా వేయించాలంటే ఎవరిని అడగాలో కనుక్కోమన్నారట.