కామా దగ్గర ఆగిన యంత్రం

ఇకమీదట గ్రంథాలయాలు నోరు విప్పుతాయని గ్రంథాలయ శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఇన్నేళ్లుగా గోడల నిండా 'నిశ్శబ్దం పాటించండి' అని రాసుకున్న శాఖకి ఇది చిన్న మలుపు కాదు. పథకం పేరు జ్ఞానఘోష. చూపు లేనివారికీ, చూపుండి చదివే ఓపిక లేనివారికీ ప్రతి గ్రంథాలయంలో ఒక యంత్రం పుస్తకాలు చదివి వినిపిస్తుంది. రెండో కోవలోకి తాను కూడా వస్తానని మంత్రిగారు నిండు సభలో వినయంగా ఒప్పుకున్నారు. ఆ వినయానికి చాలాసేపు చప్పట్లు మోగాయి.

ఇంత గొప్ప ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందో పత్రికలు రాయలేదు. అది మార్కెట్ వీధి చివరి లైబ్రరీలో, కిటికీ పక్క బల్ల మీదున్న ఒక టిఫిన్ డబ్బాలోంచి వచ్చింది.

ఆ లైబ్రరీని నడిపేది ఒక లైబ్రేరియనమ్మ. పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగం. అక్కడి కుర్చీ పర్మనెంటు, బల్ల పర్మనెంటు, గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా కూడా పర్మనెంటే. ఆవిడ ఒక్కతే టెంపరరీ.

రోజూ పది కొట్టేసరికి చేతికర్రతో గుమ్మం తడుముకుంటూ కంపోజిటర్ తాతగారు వచ్చేవారు. నలభై ఏళ్లు ప్రెస్సులో సీసం అక్షరాలు ఏరి పేర్చిన మనిషి. పని మానేశాక కళ్లు ఆయన్ని మానేశాయి. మొదట్లో ఆవిడే చదివి వినిపించేది. కానీ పుస్తకాలివ్వాలి, తీసుకోవాలి, జనం పుస్తకాలు ఎందుకు చదవడం లేదో పై ఆఫీసుకి నెలనెలా సంజాయిషీ రాయాలి. అందుకని ఎవరూ ముట్టని ఒక కంప్యూటర్ పుస్తకం దుమ్ము దులిపి, ఆర్నెల్లు కూర్చుని చదివి, అరచేతిలో ఇమిడే చవక కంప్యూటర్ బోర్డు ఒకటి సొంతంగా కొనుక్కుంది. సెల్‌ఫోన్లు బాగుచేసే బావ ఒక పాత కెమెరా, ఒక చిన్న స్పీకరు ఇచ్చాడు. కెమెరా కింద పేజీ పెడితే బోర్డు అక్షరాలు పోల్చుకుని పైకి చదివేది. దుమ్ము పడకుండా దాన్ని ఆవిడ తన టిఫిన్ డబ్బాలో పెట్టింది. పేజీలు తిప్పుకోవడం తాతగారే చేసుకునేవారు.

"ఎలా చదువుతోంది తాతగారూ?"

"చదువుతోందమ్మా, వంక పెట్టకూడదు. కాకపోతే కామా దగ్గర ఆగదు. ఒక్కొక్క కామా వేళ్లతో ఏరి పెట్టేవాళ్లం మేము. ఆ కష్టం దీనికేం తెలుసు?"

"నేర్పిస్తాలెండి. కొంచెం టైమివ్వండి."

ఆవిడ నేర్పించేలోపు డైరెక్టరుగారు తనిఖీకొచ్చి డబ్బాని విన్నారు. డైరెక్టరుగారు విన్నది మంత్రిగారు విన్నారు. మంత్రిగారు విన్నది దేశమంతా వినాల్సి వచ్చింది. మొదటి జ్ఞానఘోష ప్రారంభోత్సవం ఆ లైబ్రరీలోనే అని తేలిపోయింది.

ఏర్పాట్లు చూడ్డానికి డైరెక్టరుగారు మళ్లీ వచ్చారు. ఆవిడ సంబరంగా డబ్బా మూత తీసింది.

"ఇది అగ్గిపెట్టంత ఉందే!" అన్నారాయన, ఇప్పుడే మొదటిసారి చూసినట్టు. "మంత్రిగారు దీని పక్కన నిలబడితే ఫోటోలో ఏం కనిపిస్తుంది?"

"మంత్రిగారు కనిపిస్తారండీ."

"ఆయన ఎలాగూ కనిపిస్తారమ్మా. దేని పక్కన నిలబడ్డారో కూడా కనిపించొద్దూ?"

వడ్రంగి వచ్చాడు. డైరెక్టరుగారి దూరదృష్టిని ఇక్కడ మెచ్చుకోవాలి. యంత్రం మంత్రిగారి కంటే సరిగ్గా ఒక అంగుళం తక్కువ ఉండాలన్నారు. మరీ తక్కువైతే పథకానికి అవమానం, ఎక్కువైతే డైరెక్టరుకి బదిలీ. మూడు రోజుల్లో బీరువాలాంటి పెట్టె తయారైంది. ముందువైపు పుస్తకం పట్టేంత కంత, దానికింద స్పీకరు జాలీ, పైన పన్నెండు ఎర్రబల్బులు.

"ఈ బల్బులు ఏం చేస్తాయండీ?" అని అడిగింది ఆవిడ.

"వెలుగుతాయి" అన్నారు డైరెక్టరుగారు.

పెట్టెకి చోటు చాలక పిల్లల పుస్తకాల అల్మారాలు రెండు వరండాలోకి వెళ్లాయి. అంత పెట్టెలోనూ మధ్యలో ఒక మేకుకి వేలాడుతూ ఆ చిన్న బోర్డు చదువుతూనే ఉంది. తాతగారి నవల చివరికొచ్చింది. ఇంకా పదమూడు పేజీలు మిగిలాయి.

ప్రారంభోత్సవానికి ముందురోజు స్టాకు గుమాస్తా వచ్చాడు. నిష్ఠ గల మనిషి. ముప్పై ఏళ్లలో ఆయన చేతుల మీదుగా ముద్ర పడకుండా ఒక్క పుస్తకమూ బయటికి పోలేదు. లైబ్రరీ పుస్తకానికి ముద్ర మూడు చోట్ల వేస్తారు. మొదటి పేజీ మీద ఒకటి, చివరి పేజీ మీద ఒకటి, మూడోది లోపల ఎక్కడో ఒక రహస్య పేజీ మీద. దొంగ పై రెండూ చింపేసినా మూడోది పట్టిస్తుంది. వస్తువులకైతే ముద్ర బదులు తెల్లరంగుతో నెంబరు.

"పెట్టె మీద రాయండి, బోర్డు మీద వద్దు" అంది ఆవిడ. "అయినా బోర్డు నేను కొనుక్కున్నదండీ."

"లైబ్రరీలో ఉన్న ప్రతిదీ లైబ్రరీదేనమ్మా, మీరు తప్ప" అన్నాడాయన. "పెట్టె వడ్రంగి పద్దు కింద ఎక్కింది. యంత్రం పద్దు వేరు. మూడు చోట్ల పడాల్సిందే."

ఆవిడ ఫోనొస్తే లోపలికి వెళ్లింది. డైరెక్టరుగారు, పూలదండ సైజు గురించి. తిరిగొచ్చేసరికి గుమాస్తా కుంచె తుడుచుకుంటున్నాడు. బోర్డుకి ముందువైపు, వెనకవైపు, దట్టంగా, గుండ్రటి చేతిరాతతో నెంబరు మెరుస్తోంది.

"మూడోది ఎక్కడ రాశారు?" అంది ఆవిడ.

"రహస్యం ఎవరికైనా చెప్తారటమ్మా?"

మూడోది ఎక్కడుందో సాయంత్రం బావ కనిపెట్టాడు. చాకు మొనతో గీకి గీకి, భూతద్దం పక్కన పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"మెమరీ కార్డు ఊడదీసి, దానికి పూసి, మళ్లీ లోపలికి తోశాడే తల్లీ. రంగు సందుల్లోకి దిగిపోయింది. నువ్వు నేర్పిన చదువంతా ఆ కార్డులోనే కదా! ఇక ఇది లేవదు."

"ఇంకోటి కొంటే బావా?"

"తెప్పించి, మళ్లీ అన్నీ ఎక్కించడానికి వారం పడుతుంది."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఆర్నెల్లు రాత్రనక పగలనక నేర్చుకున్నది, ఒక కుంచె అంచున పోయింది. అయినా ముక్కు తుడుచుకుని డైరెక్టరుగారికి కబురు చేసింది. ఆయన వెంటనే వచ్చారు.

"కొత్త బోర్డు నా డబ్బుతోనే కొంటానండీ. ఒక్క వారం వాయిదా వేయించండి."

"మంత్రిగారు వాయిదా పడరమ్మా. పైగా రిజిస్టరులో ఎక్కింది ఈ యంత్రం. నువ్వు కొత్తది తెస్తే అది రెండో యంత్రమవుతుంది. రెండోదానికి మంజూరు లేదు."

"కానీ ఇది పనిచెయ్యదండీ!"

"నెంబరుందిగా!"

అని, ఆయన కాసేపు పెట్టె చుట్టూ తిరిగారు. వెనక తలుపు తీసి లోపలికి చూశారు. తర్వాత ఆవిడని పైనుంచి కిందికి చూశారు. పెద్ద ఆలోచనలు పెద్దవాళ్లకి ఊరికే రావు.

"నీ ఎత్తెంతమ్మా?" అన్నారు.

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక కుదరదంది.

"అరగంటేనమ్మా. నా మాట నమ్ము. రేపు సజావుగా జరిగిందంటే నీ పర్మనెంటు ఫైలు నేనే స్వయంగా మంత్రిగారి ముందు పెడతాను. లేదంటే యంత్రం పాడుచేసిన బాధ్యత ఎవరి మీద వెయ్యాలో నువ్వే చెప్పు. ముప్పై ఏళ్ల సర్వీసున్న గుమాస్తా మీద వెయ్యనా?"

ఆవిడ రాత్రంతా ఆలోచించలేదు, పావుగంటే ఆలోచించింది. పర్మనెంటయితే ఇంకో బోర్డు కొనచ్చు, గుమాస్తా సెలవులో ఉన్నప్పుడు బిగించచ్చు, కిటికీ పక్క బల్ల తాతగారికుంటుంది. పదకొండేళ్లు కుర్చీలో టెంపరరీగా కూర్చున్నదానికి అరగంట బీరువాలో కూర్చోవడం ఒక లెక్కా అనుకుంది.

మర్నాడు మంత్రిగారు నవ్వుతూ దిగారు. లైబ్రరీ ఎన్నడూ ఎరగనంత మంది వచ్చారు. వాళ్లలో పుస్తకం కోసం వచ్చింది తాతగారు ఒక్కరే. ఆయన చొక్కాకి 'లబ్ధిదారు' అని చీటీ గుచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు.

"లైబ్రేరియన్ ఏరీ?" అన్నారు మంత్రిగారు.

"సెలవులో ఉందండీ" అన్నారు డైరెక్టరుగారు.

"ఇవాళా? చూశారా! యంత్రమైతే సెలవు పెట్టదు."

పెట్టెలో స్టూలు మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్న ఆవిడ ఈ మాట విని నవ్వుకుంది. లోపల ఉక్కగా ఉంది. డైరెక్టరుగారు స్విచ్చి వేస్తే ఎర్రబల్బులు వెలిగాయి. వాటి వేడి నెత్తి మీద పడింది, వెలుగు మాత్రం చదువుకోవడానికి పనికొచ్చింది. కంతలోంచి ఏదో పుస్తకం పేజీ జిరాక్సు ఒకటి లోపలికొచ్చింది. ఆవిడ గొంతు చదును చేసుకుని, వీలైనంత యంత్రంలా చదివింది.

ముందు వరసలో తాతగారు తల ఎత్తారు.

"ఇవాళ కామాల దగ్గర ఆగుతోందే!" అన్నారు.

"అదే మా ప్రభుత్వం తెచ్చిన మార్పు" అన్నారు మంత్రిగారు. చప్పట్లు. "పెద్దాయనే ఒప్పుకున్నారు. ఇంకేం కావాలి? అయితే మీలో అనుమానప్పక్షులు ఉండచ్చు. ముందే నేర్పించిన పేజీ కాబట్టి చదివిందనచ్చు. అందుకని ఒక పరీక్ష పెడుతున్నాను."

జేబులోంచి మడత కాగితం తీశారు.

"ఇది పొద్దున నేను సంతకం పెట్టిన ఉత్తర్వు. ఇందులో ఏముందో డైరెక్టరుకి కూడా తెలీదు. మొట్టమొదట యంత్రమే చదవాలి. చదవమ్మా యంత్రమా!"

కాగితం కంతలోంచి ఆవిడ ఒళ్లో పడింది. ఆవిడ విప్పి, ఎర్ర వెలుగులో పట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

"జ్ఞానఘోష యంత్రములు నెలకొల్పిన గ్రంథాలయములందు, పుస్తకములు చదివి వినిపించుటకు గాని, ఇచ్చి పుచ్చుకొనుటకు గాని, మనుషుల అవసరము లేనందున..."

అక్కడ యంత్రం ఆగింది. అక్కడ నిజంగానే కామా ఉంది. డైరెక్టరుగారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. ఆవిడకి తలుపు తన్ని బయటికి రావాలనిపించింది. వస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ముందు వరసలో, ఆ ఒక్క గొంతు కోసమే తల వంచి కూర్చున్న మనిషి జాలీలోంచి కనిపిస్తున్నాడు. ఆవిడ కాగితాన్ని మళ్లీ ఎర్ర వెలుగులోకి ఎత్తింది.

"...తాత్కాలిక లైబ్రేరియన్ పోస్టులన్నీ, రేపటి నుండి, రద్దు చేయడమైనది."

హాలు మార్మోగిపోయింది.

"విన్నారుగా!" అన్నారు మంత్రిగారు, మైకు దగ్గరికి లాక్కుని. "ఒక్క అక్షరం తడబడిందా? ఇదే మనిషైతే ఇలాంటి ఉత్తర్వు ఇంత నిబ్బరంగా చదవగలడా? అందుకే యంత్రం కావాలన్నాను!"

పెట్టె పక్కన నిలబడి ఫోటో దిగారు. ఒక అంగుళం తేడా ఫోటోలో స్పష్టంగా కనిపించింది. ఈ మోడలువి ఇంకో నలభై కావాలని వేదిక మీదే చెప్పి వెళ్లిపోయారు. ఆయన వెనకే జనమూ, జనం వెనక కుర్చీలవాళ్లూ వెళ్లారు.

డైరెక్టరుగారు కారు దాకా సాగనంపి, ఏ మొహంతో రావాలో తెలియకనో ఏమో, మెల్లగా తిరిగొచ్చారు. అప్పటికి తాతగారు వేదిక మీది మంచినీళ్ల గ్లాసు తడుముకుని తీసుకుని, చేతికర్ర ఊతంగా పెట్టె దగ్గరికి చేరారు. చంకలో నవల ఉంది. చేత్తో కంత ఎక్కడుందో వెతుకుతున్నారు.

అక్కడే స్టాకు సరిచూసుకుంటున్న గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యయ్యో, పెద్దాయనా! యంత్రానికి నీళ్లు తగిలితే పాడైపోతుంది!"

"గొంతెండిపోయి ఉంటుంది బాబూ" అన్నారు తాతగారు, గ్లాసు కంతలోంచి లోపలికి అందిస్తూ. తర్వాత నోరు కంత దగ్గర పెట్టి, చిన్నగా అన్నారు. "ఉత్తర్వు రేపటి నుంచి కదమ్మా. ఇవాళ ఇంకా పొద్దుంది. పదమూడు పేజీలే."

నవల కూడా లోపలికి వెళ్లింది. కాసేపటికి గ్లాసు ఖాళీగా బయటికొచ్చింది.

గుమాస్తా దాన్ని అందుకుని, తిరగేసి, అడుగున నెంబరుందో లేదో చూశాడు.