మావయ్య చెప్పిన ఒక్క మాట

మొదటి రోజు కాలేజీకి క్రిస్టీ వేసుకున్న పథకం చాలా చిన్నది. జగ్గయ్యపేటలో బస్సెక్కాలి, నందిగామలో దిగాలి, క్లాసులో మధ్య బెంచీ ఒకటి చూసుకుని కూర్చోవాలి, ఎవరి కంటా పడకుండా సాయంత్రానికి ఇల్లు చేరాలి. బీకాం మొదటి సంవత్సరం పిల్లకు అంతకంటే పెద్ద ఆశయం అక్కర్లేదని ఆమె నమ్మకం. ఇడ్లీ తింటూ ఆ మాటే తల్లి ఫ్లోరెన్స్‌తో చెబుతుండగా వీధిలో మోటారు సైకిల్ ఆగింది. ఫ్లోరెన్స్ తమ్ముడు రత్నబాబు చెప్పులు విడుస్తూనే లోపలికి మాట పంపాడు.

"వెళ్ళిపోలేదుగా అమ్మాయి?"

రత్నబాబు ముక్త్యాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. సరుకు ఎత్తుకోవడానికి వచ్చే లారీలకు గేటు దగ్గర టోకెన్లు ఇవ్వడం ఆయన ఉద్యోగం. లారీలు లేనప్పుడు సలహాలు ఇస్తాడు. బంధువుల్లో ఎవరు బోరు వేయించినా, పిల్లకు సంబంధం చూసినా, పన్ను పీకించుకున్నా ముందుగా ఆయన అభిప్రాయం విని తీరాల్సిందే. అడగకపోయినా వచ్చి చెబుతాడు కాబట్టి తప్పించుకునే వీలు లేదు. పైగా ఆ కుటుంబంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి తనే. మేనకోడలు కాలేజీకి వెళ్తుంటే వారపు సెలవు రోజున ఇంట్లో పడుకుంటాడా?

"పెన్నులూ పుస్తకాలూ తర్వాత సంగతి," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "ఒక్క మాట చెప్తా, గుర్తు పెట్టుకో. కాలేజీలో 'కాదు', 'లేదు', 'తెలీదు' అనకూడదు. అట్లా అన్నవాళ్ళనే సీనియర్లు పట్టుకుంటారు. ఎవరేమడిగినా 'అవునండీ' అను. నవ్వు. పక్కకెళ్ళిపో. అవునన్న మనిషిని ఎవడూ రెండో ప్రశ్న అడగడు."

"వాళ్ళడిగింది నిజం కాకపోతే మావయ్యా?"

"కాకపోతే ఏమైంది? మొదటి రోజు ఎవరేమన్నారో ఎవడికి గుర్తుంటదే!"

"పిల్లకి అబద్ధాలు నేర్పుతున్నావేంట్రా?" అంది ఫ్లోరెన్స్.

"అబద్ధం కాదక్కా, మర్యాద. ఏదీ, ఇంకో రెండిడ్లీలు పెట్టు."

కాలేజీ గేటు దగ్గరే ఆ సలహాకు పని పడింది. "ఫస్టియరామ్మా? ఐడీ కార్డు బ్యాగులోనేనా?" అని అడిగాడు వాచ్‌మన్. ఐడీ కార్డులు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. క్రిస్టీ బ్యాగును చంకలోకి నొక్కుకుంది. "అవునండీ," అని నవ్వింది. వాచ్‌మన్ కూడా నవ్వి పక్కకు తప్పుకున్నాడు. మావయ్య మాట మీద ఆమెకు జీవితంలో మొదటిసారి గౌరవం కలిగింది.

ఆ గౌరవంతోనే పది అడుగులు వేసిందో లేదో, ఫైనలియర్ సతీష్‌బాబు ఎదురయ్యాడు. అతను ర్యాగింగ్ చేసే రకం కాదు. ఆ ఉదయం జరగబోయే ఫస్టియర్ స్వాగత సభ బరువంతా అతని నెత్తిన ఉంది. ప్రార్థన పాడాల్సిన అమ్మాయికి గొంతు పోయింది. దిక్కులు చూస్తున్న అతని కళ్ళు క్రిస్టీ మెళ్ళో ఉన్న చిన్న సిలువ మీద ఆగాయి.

"చర్చిలో కోయిర్‌లో పాడతావా అమ్మా?"

"అవునండీ."

ఇది పూర్తిగా అబద్ధం కాదు. క్రిస్టీ కోయిర్‌లో రెండో వరసలో నిలబడుతుంది. అయితే పోయిన క్రిస్మస్‌కు కోయిర్ నడిపే ఆయన ఆమెను పక్కకు పిలిచి, "నువ్వు పెదాలు ఆడించమ్మా, చాలు," అని బతిమాలుకున్నాడు.

"అయితే ఇవాళ ప్రార్థన నువ్వే. ఓకేనా?"

"అవునండీ."

"చివర్లో వందన సమర్పణ కూడా నువ్వే చెప్పేస్తావుగా?"

"అవునండీ."

రెండో ప్రశ్న అడగరన్న మావయ్య లెక్క ఎక్కడో తప్పిందని ఆమెకు అప్పుడే అనుమానం వచ్చింది. కానీ అప్పటికే సతీష్‌బాబు దణ్ణం పెట్టేసి, కుర్చీలు వేయించడానికి పరుగెత్తాడు.

సభ మొదలైంది. హాలు నిండా పిల్లలు. వేదిక మీద ప్రిన్సిపాల్ దశరథరామయ్య గారు, ఆయన వెనక లెక్చరర్లు. క్రిస్టీ మైకు ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, తనకు తెలిసిన విద్య ప్రదర్శించింది. పెదాలు చక్కగా కదిలాయి. శబ్దం రాలేదు.

"వినపడట్లా!" అని వెనక బెంచీల నుంచి కేక వచ్చింది. మైకు అబ్బాయి కంగారుగా సౌండు పెంచాడు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఇంకా పెంచాడు. ఫ్యాను తిరిగే చప్పుడు వినపడింది. పూర్తిగా పెంచేశాడు. అప్పుడు ప్రిన్సిపాల్ గారు పక్కనున్న లెక్చరర్ చెవిలో చెబుతున్న రహస్యం హాలంతా మోగింది.

"చీఫ్ గెస్టు ఫోనెత్తట్లేదయ్యా. చైర్మన్ గారికి తెలిస్తే నా పని అయిపోయినట్టే!"

హాలు గొల్లుమంది. ప్రిన్సిపాల్ గారు ఉలిక్కిపడి లేవడంతో కాలికి వైరు తగిలింది. మైకు కీచుమని అరిచి చచ్చిపోయింది. ప్రార్థన ముగిసింది. "పనికిమాలిన మైకు! పిల్ల అంత బాగా పాడుతుంటే ఒక్క ముక్క వినపడనివ్వలేదు," అని ఆయన మైకు అబ్బాయిని అందరి ముందూ చీవాట్లు పెట్టారు. క్రిస్టీకి ఆ అబ్బాయి మొహం చూడలేక తల దించుకోవాల్సి వచ్చింది.

ఆమె వేదిక దిగుతుంటే ప్రిన్సిపాల్ గారే వెనక వచ్చారు. ఆయన నుదుటి మీద చెమట పోస్తోంది.

"ఏ ఊరమ్మా మీది? జగ్గయ్యపేటా?"

"అవునండీ."

"అక్కడ సిమెంటు ఫ్యాక్టరీల్లో మీవాళ్ళెవరన్నా ఉన్నారా?" ఆమె తల ఊపింది. "ఎవరు, నాన్నగారా?"

"మావయ్యండీ."

"మేనేజరా?"

ఆయన కళ్ళల్లోకి చూస్తే క్రిస్టీకి కాదని చెప్పబుద్ధి కాలేదు. "అవునండీ."

"జనరల్ మేనేజరా?" ఆయన గొంతులో ప్రాణం లేచివచ్చింది.

"అవునండీ."

"ఇప్పటికిప్పుడు చీఫ్ గెస్టుగా పిలిస్తే వచ్చే మనిషేనా?"

ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఆమె ఏ తడబాటూ లేకుండా నిజం చెప్పింది. "అవునండీ!"

నంబరు తీసుకోవడమే ఆలస్యం, ఆయన ఫోను మోగింది. అవతల కాలేజీ చైర్మన్ జగన్నాథరావు గారు. చీఫ్ గెస్టు బయల్దేరాడా అని అడుగుతున్నారు. "బయల్దేరారండీ," అన్నారు ప్రిన్సిపాల్ గారు, ఇంకా పిలవని మనిషి గురించి. "సిమెంటు ఫ్యాక్టరీ జనరల్ మేనేజర్ గారండీ. చాలా పెద్దమనిషి." అయితే నేనూ వస్తున్నానని చైర్మన్ గారు ఫోను పెట్టేశారు.

రత్నబాబు ఇంకా అక్కగారింట్లోనే ఉన్నాడు. ఫోనులో ఆయనకు వినపడింది ఇంతే: ప్రిన్సిపాల్ గారు స్వయంగా మాట్లాడుతున్నారు, ఫస్టియర్ పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పడానికి తనను రమ్మంటున్నారు. ఇన్నేళ్ళలో ఆయన సలహా కావాలని ఒక మనిషి తనంతట తాను అడగడం అదే మొదలు. ఆయన కళ్ళు చెమర్చాయి. బావగారి తెల్ల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, నందిగామ దాకా బండి ఆపలేదు.

క్రిస్టీ ఆయన్ను గేటు దగ్గరే పట్టుకుంది. "మావయ్యా, నువ్వు జీఎంవి!"

"ఏంటే?"

ఆ పైన చెప్పే వ్యవధి లేకపోయింది. ప్రిన్సిపాల్ గారు శాలువాతో, చైర్మన్ గారు చేతులు చాచి ఎదురొచ్చారు.

"జనరల్ మేనేజర్ గారు ఇంత సింపుల్‌గా బండి మీద వస్తారనుకోలేదు సార్," అన్నారు చైర్మన్ గారు.

రత్నబాబు జనరల్ మేనేజర్ ఎక్కడున్నాడా అని వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. భుజాల మీద శాలువా పడింది. తప్పించుకునే దారి లేనప్పుడు మనిషికి అలవాటైన మాటే నోటికొస్తుంది. "అవునండీ," అన్నాడు.

"మా కాలేజీ ప్రహరీ గోడ సగంలో ఆగిపోయింది సార్. రెండు లారీల సిమెంటంటే మీకు లెక్కలోది కాదుగా?"

"అవునండీ."

ఈ లోపల మైకు బాగుపడింది. రెండు లారీల సిమెంటు సంగతి ప్రిన్సిపాల్ గారు అందులో ప్రకటించారు. చప్పట్లు ఆగకుండా మోగుతుంటే రత్నబాబు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఇంతవరకు ఆయన ఫ్యాక్టరీ నుంచి ఇంటికి తెచ్చింది బట్టలకంటిన దుమ్మే. ఇప్పుడు వేదిక దిగిపోతే పరువు పోతుంది, దిగకపోతే ఉద్యోగం పోతుంది. ఏం చేయాలో తోచక, మైకు అందగానే తనకు బాగా వచ్చిన పని మొదలుపెట్టాడు.

"పిల్లలూ, జీవితంలో పైకి రావాలంటే ఒక్క మాట చాలు. ఎవరేమడిగినా 'అవునండీ' అనండి. ఏదీ, అందరూ అనండి!"

"అవునండీ!" అంది హాలు సరదాగా.

"వినపడలా!"

"అవునండీ!" పైకప్పు అదిరింది. ఈ అదను ప్రిన్సిపాల్ గారు వదులుకోలేదు. మైకు అందుకుని, "అయితే ఆదివారం క్లాసులకి కూడా రెడీయేనా?" అన్నారు. "అవునండీ!" అని అదే ఊపులో అరిచాక గానీ పిల్లలకు తామేమన్నారో అర్థం కాలేదు.

క్రిస్టీ నవ్వలేదు. ఆమె మావయ్య మెడ మీద కారుతున్న చెమట చూస్తోంది. రేపు సిమెంటు రాదు. ఎల్లుండి చైర్మన్ గారు ఫ్యాక్టరీకి ఫోను చేస్తారు. ఆ తర్వాత మావయ్య ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లల ఫీజులెవరు కడతారు? మెల్లగా ప్రిన్సిపాల్ గారి పక్కకు చేరింది.

"సార్, మా మావయ్య జీఎం కాదండీ."

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. అయినా నవ్వు చెరగనివ్వకుండా పళ్ళ మధ్య నుంచి అన్నారు. "అమ్మా, ఇప్పుడా చెప్పేది? నేను చైర్మన్ గారికి చెప్పేశా. సాయంత్రం దాకా జీఎంగానే ఉండనీ. నీకు పుణ్యముంటుంది."

అంతలో సతీష్‌బాబు ఆమెను వందన సమర్పణకు పిలిచాడు. క్రిస్టీ మైకు ముందుకొచ్చింది. ఈసారి శబ్దం వచ్చింది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు కూడా వినపడేంత వచ్చింది.

"అందరికీ వందనాలండీ. మా మావయ్యకి కూడా వందనాలు. కానీ ఆయన జనరల్ మేనేజర్ కాదండీ. గేటు దగ్గర లారీలకి టోకెన్లు ఇస్తారు. సిమెంటు ఇవ్వలేరు. ఆయన తప్పేం లేదు, అడిగినదానికల్లా నేనే అవునన్నా. ఇందాక ప్రార్థన కూడా నేను పాడలేదండీ, పెదాలు ఆడించా. మైకు మంచిదే."

"విన్నారా సార్!" అని మైకు అబ్బాయి కుర్చీ ఎక్కి అరిచాడు.

ప్రిన్సిపాల్ గారు పైకప్పు వైపు చూస్తున్నారు. చైర్మన్ జగన్నాథరావు గారు లేచి, మెల్లగా నడుచుకుంటూ రత్నబాబు ముందుకొచ్చి నిలబడ్డారు. రత్నబాబు శాలువా తీసి మడతపెట్టి ఇవ్వబోయాడు.

"ముక్త్యాల వైపు ఫ్యాక్టరీలో టోకెన్లిచ్చేది నువ్వా?" అన్నారు చైర్మన్ గారు.

"నేనేనండీ. క్షమించండీ."

"క్షమించేదేంటయ్యా!" ఆయన రత్నబాబు రెండు చేతులూ పట్టుకున్నారు. "జీఎంలు ముగ్గురు తెలుసు నాకు. ఒక్కడి వల్లా ఒక్క లారీ ముందుకి కదల్లా. నావి రెండు లారీలు మొన్నట్నుంచి మీ గేటు బయటే పడున్నాయి. డ్రైవర్లు అక్కడే వండుకు తింటన్నారు. నీలాంటోడి కోసం నేను ఎక్కడెక్కడ తిరిగానో తెలుసా? ఆ శాలువా కప్పుకో. కప్పుకుని చెప్పు, రేపు పొద్దున్నే నా లారీలకి ముందు టోకెన్ ఇప్పిస్తావుగా?"

రత్నబాబు నోరు తెరిచాడు. ఆ నోట్లో ఏ మాట సిద్ధంగా ఉందో హాల్లో అందరికీ తెలుసు. ఆయన మేనకోడలి వైపు చూశాడు. ఆమె మైకు ఇంకా వదల్లేదు.

"కుదరదండీ," అన్నాడు. "వరస ప్రకారమే ఇవ్వాలి. ముందొచ్చినోళ్ళు కూడా అక్కడే వండుకు తింటన్నారు."

చైర్మన్ గారు ఆయన్ను ఎగాదిగా చూసి, పెద్దగా నవ్వారు.

"పోన్లే, మొహం మీద కాదని చెప్పేవాడు ఒకడన్నా దొరికాడు. మా ప్రిన్సిపాల్ గారిని నేనేది అడిగినా అంతా బ్రహ్మాండం అంటారు." ఉన్నట్టుండి ఆయన పిల్లల వైపు తిరిగారు. "అవునర్రా, బాత్రూముల్లో నీళ్ళొస్తున్నాయా?"

"లేదండీ!" అన్నారు సీనియర్లు ఒక్క గొంతుతో.

"లైబ్రరీ తెరుస్తున్నారా?"

"లేదండీ!"

"ఆదివారం క్లాసులకి వస్తారా?"

"రామండీ!" ఈసారి ఫస్టియర్ పిల్లల గొంతే పైచేయి అయింది.

చైర్మన్ గారు ప్రిన్సిపాల్ గారిని బాత్రూముల వైపు నడిపించుకుపోయారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి సభ ముగిసి, టిఫిన్లు కూడా అయిపోయాయి.

సాయంత్రం క్రిస్టీ బస్సు మానేసి మావయ్య బండి వెనక ఎక్కింది. హైవే మీద లారీల పక్కగా వెళ్తూ రత్నబాబు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. చిల్లకల్లు దగ్గర పడ్డాక ఆమెకే జాలేసింది.

"పోన్లే మావయ్యా, ఫస్టియర్ సంగతి నేను చూసుకుంటాలే. సెకండియర్‌లో ఎట్టా ఉండాలో చెప్పు."

రత్నబాబు బండి వేగం కొంచెం పెంచాడు. ఆమె మొహం కనపడకుండా అద్దాన్ని పక్కకు తిప్పుకున్నాడు.

"ఏమో అమ్మాయ్," అన్నాడు చివరికి, "అంతదాకా నేను చదవలా."