వెనక్కి తిరగని కోటు

ఆ టైలరును వీధంతా "రేపు టైలరు" అనేది. పాపం, అబద్ధం మాత్రం ఆడేవాడు కాదు. "అయిందా?" అంటే "కాకుండా ఉంటుందా?" అనేవాడు. "ఎప్పుడిస్తావు?" అంటే "మీకెప్పటికి కావాలి?" అనేవాడు. అడిగినవాళ్ళకు సగం దారి వెళ్ళాక గానీ, తమకు జవాబే దొరకలేదని తట్టేది కాదు.

ఆ ఉదయం అతను పెట్టుకున్న పని ఒక్కటే. లైబ్రేరియన్ గారి నీలం కోటు ఇస్త్రీ చేసి పదింటికల్లా ఇచ్చేయాలి. సాయంత్రం ఐదింటికి ఆయన వీడ్కోలు సభ. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆయన కుట్టించుకున్న మొదటి కోటు అది. ఇస్త్రీపెట్టె కోటు వీపు మీద పెట్టాడో లేదో, ఎవరో ప్యాంటు సంగతి అడుగుతూ ఫోన్ చేశారు. ఆ ప్యాంటును దాటవేయడానికి మూడు నిమిషాలు పట్టింది. కమురు వాసన రావడానికి రెండే పట్టింది.

"కొంప మునిగింది!" అంది పక్కన కాజాలు కుడుతున్న భార్య. వీపు నడిమధ్య ఇస్త్రీపెట్టె అచ్చు గోధుమరంగులో దిగిపోయింది. "వెళ్ళి ఉన్నమాట చెప్పెయ్యండి."

"చెప్పకుండా ఉంటానా?" అన్నాడు టైలరు.

అంతలో లైబ్రేరియన్ గారే గుమ్మంలోకి వచ్చారు. "ఏమోయ్, కోటయిందా?"

టైలరు చటుక్కున కోటు మీద ఏదో బట్ట కప్పాడు. వీపు మార్చి కుట్టాలంటే సాయంత్రందాకా గడువు కావాలి. మెడలోని టేపు తీసి ఆయన నడుంవైపు అనుమానంగా చూశాడు. "కొలత మళ్ళీ చూడాలేమోనండీ. ఈమధ్య మీరు కాస్త తగ్గినట్టు లేరూ?"

ఆయన మొహం పాలిపోయింది. "తగ్గానా? ఎంత?"

"ఎంతని చెప్పమంటారు?"

ఆయన నేరుగా ఇంటికెళ్ళి మంచమెక్కారు. ఇక్కడ టైలరు మిగిలిన గుడ్డ వెతికితే, అది ఒక జేబుకు సరిపోయేంతే ఉంది. గంటలో లైబ్రేరియన్ గారి భార్య, వెనకే ఆవిడ తమ్ముడు వచ్చి పడ్డారు.

"మా బావ ఎన్ని అంగుళాలు తగ్గాడయ్యా?"

"అంగుళాలు లెక్కపెట్టే వేళా ఇది?"

ఆవిడ ఘొల్లుమంది. మధ్యాహ్నానికల్లా సభ వాయిదా వేద్దామా అని లైబ్రరీ నుంచి కబురొచ్చింది. అది వినేసరికి టైలరు పని వదిలేసి లేచాడు. కోటు చంకన పెట్టుకుని వాళ్ళింటికి పరుగెత్తాడు.

"అయ్యా, మీకే జబ్బూ లేదు. కోటు కాల్చింది నేను. అది కప్పిపుచ్చడానికే ఆ మాటన్నాను." బుద్ధెరిగాక అతనిచ్చిన మొదటి తిన్నని జవాబు అది.

ఒక్కరూ నమ్మలేదు. "చూశావా అక్కా, మాట ఎలా మారుస్తున్నాడో! అంటే బాగా ముదిరిందన్నమాట" అన్నాడు బావమరిది.

"మా మీది బెంగతో కోటు కూడా కాల్చుకున్నాడు పిచ్చివాడు" అని ఆవిడ కళ్ళొత్తుకుంది.

అప్పటికి టైలరు భార్య కొలతల పుస్తకం పట్టుకుని వచ్చింది. టేపు బావమరిది చేతిలో పెట్టి, "మీరే కొలవండి" అంది. అతను రెండుసార్లు కొలిచాడు. పుస్తకంలో నడుం ముప్పై ఎనిమిది. ఇప్పుడు నలభై.

లైబ్రేరియన్ గారికి ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. చేతికందిన దిండు గిరాటేశారు. టైలరు కోటు అడ్డం పెట్టి దాన్నీ తప్పించుకున్నాడు.

"ఇప్పుడు నేనేం వేసుకు చావాలి?"

"నాకు తెలీదండీ" అన్నాడు టైలరు, కళ్ళనీళ్ళతో.

ఆయన మంచం దిగి, "ఇలా తే" అని కోటు లాక్కుని తొడుక్కున్నారు. గుండీలు అందలేదు గానీ, అద్దంలో ముందువైపు దివ్యంగా ఉంది.

సభలో కోటును అందరూ తెగ మెచ్చుకున్నారు. చివరి వరుసలో టైలరు తల వంచుకు కూర్చున్నాడు. "వెనక ఎలా కుట్టాడో, ఓసారి లేచి అటు తిరగండి, చూద్దాం" అన్నారెవరో.

"తిరగకుండా ఉంటానా?" అన్నారు లైబ్రేరియన్ గారు, కుర్చీకి ఇంకాస్త ఆనుకుని.