ఇరవై ఏడో నంబరు పార్కు

మువ్వల త్రినాథ్ నోట్లోంచి మొదటి కొత్తిమీర రెమ్మ ఒక బుధవారం ఉదయం పదకొండు ఇరవైకి బయటికొచ్చింది. అప్పుడతను మున్సిపల్ ఆఫీసులో, జనన మరణాల కౌంటర్ దగ్గర, ఒక మరణ ధ్రువపత్రం మీద ముద్ర వేస్తున్నాడు. కిటికీ అవతల నిలబడ్డాయన రెమ్మను చూశాడు. ముద్ర సరిగ్గా పడలేదు, ఇంకోసారి వెయ్యమన్నాడు.

దీనికి కారణం లేకపోలేదు. ఆ కౌంటర్‌కి భోజన విరామం లేదు. జనం వచ్చేసరికి కిటికీ మూసి ఉంటే బాగుండదని పాత కమిషనర్ ఎప్పుడో ఎత్తేశారు. తొమ్మిదేళ్ళుగా త్రినాథ్ సాయంత్రం నాలుగింటికి, వరస కాస్త పలచబడ్డాక, నిలబడే నాలుగు ముద్దలు మింగుతున్నాడు. మింగినవి కాసేపట్లో పుల్లటి నీళ్ళై గొంతులోకి తిరిగొచ్చేవి. ఛాతీ మండిపోయేది. చివరికి, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రెండు దాకా అన్నం తినడానికి అనుమతి ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. అరగంట. అంతకన్నా ఏమీ అడగలేదు.

అర్జీ చదివి సూపరింటెండెంట్ శంబంగి అప్పలనరసయ్య గారి మనసు కరిగింది.

"ఛాతీలో మంటా? ఇన్నాళ్ళూ ఏటి వాడేవు బాబూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఫైల్లో రాశారు: ధనియాలు రాత్రి నానబెట్టి, పరగడుపున నీళ్ళతో సహా మింగవలెను. కింద సంతకం, తేదీ. ఫైలు పైకి వెళ్ళింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ సోంపు రాశారు. ఇంజనీరు గారు మెంతులు రాశారు. మేనేజర్ గారు వాళ్ళ అత్తగారికి గుణమిచ్చిందని తులసి గింజలు రాశారు. కమిషనర్ గారు ఆకుపచ్చ సిరాతో వాము విధిగా వాడవలెను అని రాసి, "విధిగా" అన్న మాట కింద రెండు గీతలు గీశారు. ఎదుటివాడి జబ్బు విని చిట్కా చెప్పకుండా ఊరుకోగల మనిషి మన దగ్గర ఇంకా పుట్టలేదు. అరగంట సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఫైల్లో పై అధికారి రాసింది ఉత్తర్వే కనుక త్రినాథ్ అన్నీ మింగాడు. అన్నం పడని కడుపులో గింజలు పడ్డాయి, నానాయి, మొలిచాయి. అందులో వింతేమీ లేదు. ఖాళీ జాగా కనబడితే ఏదో ఒకటి లేవడం ఆ ఊళ్ళో మామూలే.

శుక్రవారం పార్కుల విభాగం వాళ్ళు టేపు తెచ్చి అతని కొలతలు తీసుకుని, ఇరవై ఏడో నంబరు పార్కుగా నమోదు చేశారు. మొక్కలు పీకరాదని మెళ్ళో బోర్డు వేలాడదీశారు. ఆ బోర్డు పక్కనుంచే అప్పలనరసయ్య గారు రోజూ పచ్చడికి కాస్త కొత్తిమీర తుంచుకెళ్ళేవారు. చెవుల్లో సోంపు పూసింది. ఉదయం నడకకు వచ్చేవాళ్ళు అతని ఇంటి ముందు ఆగి, గాలి బాగుందనుకునేవారు. భార్య హైమావతి ఒక్కతే గాలి సంగతి ఎత్తలేదు.

"ఆకులన్నీ బాగానే ఉన్నాయి. మీరెప్పుడు తింటారు?" అంది.

మంట ఏమాత్రం తగ్గలేదు. నిజం చెప్పాలంటే, ఇంకాస్త ఎక్కువైంది.

మళ్ళీ అర్జీ పెట్టాడు. ఈసారి నాలుగు రోజుల్లోనే జవాబొచ్చింది. భోజనం సిబ్బందికి గాని పార్కులకు వర్తించదు, పార్కులకు నీళ్ళు చాలును అని. అప్పట్నుంచి రోజూ సరిగ్గా ఒకటిన్నరకి తోటమాలి వచ్చి, త్రినాథ్ చేత నోరు తెరిపించి, చెంబుడు నీళ్ళు పోసి వెళ్తున్నాడు. పనికి అంతరాయం లేదు. ముద్ర వేసే చెయ్యి ఖాళీగానే ఉంటుంది.

కిందటి నెల పక్క కౌంటర్లో హారిక అనే అమ్మాయి చేరింది. మూడో వారానికల్లా, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, రెండో చేత్తో ఒక కాగితం తెచ్చి త్రినాథ్ ముందు పెట్టింది. అన్నం తినడానికి అరగంట కావాలట. సీనియర్ కనుక ముందుగా అతను అభిప్రాయం రాసి పైకి పంపాలి.

"ఈ మంట మీకు తెలుసు కద సార్," అంది మెల్లగా.

తెలుసు. అతనికంటే బాగా తెలిసినవాడు ఆ ఆఫీసులో లేడు. "ఇవ్వవచ్చును" అని ఒక్క మాట రాస్తే చాలు. కలం కాగితం మీద ఆనించాడు. అలా రాస్తే పైవాళ్ళు ఏమనుకుంటారో అనిపించింది. వరసలో ఎవరో విసుక్కున్నారు.

"పరగడుపున ఏటైనా తీసుకుంటన్నావా అమ్మా?" అని అడిగాడు.

ఆమె ఏదో చెప్పబోయేలోపే, జీలకర్ర వాడి చూడవచ్చును అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు. ఈసారి సరిగ్గా పడింది.